బరువు తగ్గించే ఇంజెక్షన్: పెళ్ళి తేదీని బట్టా, కాన్పు ఆలోచనను బట్టా?

కూకట్‌పల్లి నుంచి రాసిన సోదరి చెప్పిన వివరాలు క్లుప్తంగా ఇవి. వయసు 36, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 8.1. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రలు, థైరాయిడ్ మాత్ర, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నారు. నాలుగు నెలల్లో చెల్లెలి పెళ్ళి ఉంది, ఆలోపు 20 కిలోలు తగ్గాలన్నది కోరిక. వచ్చే ఏడాది రెండో బిడ్డ గురించి ఆలోచన ఉన్నదని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. ఆఫీసులో స్నేహితురాలు డాక్టరు చీటీ లేకుండానే తెలిసిన మెడికల్ షాపు నుంచి వారానికొక ఇంజెక్షన్ తెచ్చుకుంటున్నారట. తానూ అలాగే మొదలుపెట్టవచ్చా, థైరాయిడ్ ఉన్నవాళ్ళు వాడకూడదన్న మాట నిజమేనా అని అడిగారు.

మందు మీకు పనికివస్తుంది. షాపులో తెచ్చుకుని మొదలుపెట్టడం మాత్రం మీ విషయంలో నిజంగా ప్రమాదం. మీరు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యమే ఈ వైద్యం మొత్తాన్ని నిర్ణయించాలి. ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ రెండో కాన్పు ఆలోచన నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. చెల్లెలి పెళ్ళి ఆ దారిలో వచ్చే ఒక వారం మాత్రమే. హైదరాబాదులో చాలాకాలంగా షుగర్, స్థూలకాయం రోగులను చూస్తున్న వైద్యునిగా, మీ వివరాల మేరకు సాధ్యమైనంత వివరంగా చెబుతాను. మిమ్మల్ని పరీక్షించి చూసే వైద్యుని మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు అంకె, 35 దాటింది. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తాం, ఎందుకంటే అదే బరువు దగ్గర పాశ్చాత్యులకంటే మనకు పొట్ట చుట్టూ కొవ్వు, దానితో షుగర్ ముందుగా వస్తాయి. ఈ మందులకు ఆమోదించిన పరిధి వేరు: బీఎంఐ 30 గానీ అంతకు మించిగానీ ఉన్నవారు, లేదా 27 ఉండి బీపీ, షుగర్ వంటి జబ్బు తోడైనవారు. మీరు ఏ లెక్కన చూసినా అర్హులే. అయినా బరువు ఎందుకు పెరిగిందో ఒకసారి చూడకుండా చీటీ రాయకూడదు. థైరాయిడ్ మాత్ర డోసు చాలడం లేదా, అండాశయాల సమస్య అయిన పీసీఓడీ ఉన్నదా, రాత్రి గురకతో ఊపిరి ఆగుతోందా, మోకాళ్ళకో ఆస్తమాకో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తూ వచ్చారా అన్నవి అడగడానికి పది నిమిషాలు చాలు. షాపు కౌంటర్ దగ్గర ఆ పది నిమిషాలు ఉండవు.

ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధానమైన మందులు రెండు. సెమాగ్లుటైడ్, అంటే ఓజెంపిక్, వెగోవీ పేర్లతో వచ్చేది. టిర్జెపటైడ్, అంటే మౌంజారో. భోజనం చేసినప్పుడు పేగుల నుంచి విడుదలై మెదడుకు 'ఇక చాలు' అని చెప్పే హార్మోన్లను ఇవి అనుకరిస్తాయి, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్‌ను పెంచుతాయి. సెమాగ్లుటైడ్ ఒక హార్మోన్ దారిలో పనిచేస్తే, టిర్జెపటైడ్ రెండు దారుల్లో పనిచేస్తుంది.

పత్రికల్లో మీరు చదివిన '20 శాతం బరువు తగ్గుదల' అన్న అంకె షుగర్ లేనివారి మీద జరిగిన అధ్యయనంలోనిది. 2022లో వెలువడిన ఆ అధ్యయనంలో టిర్జెపటైడ్ పెద్ద డోసు తీసుకున్నవారు 72 వారాల్లో సగటున 20.9 శాతం తగ్గారు. షుగర్ ఉన్నవారి మీద అదే మందుతో అంతే కాలం జరిపిన అధ్యయనంలో తగ్గుదల 10 మిల్లీగ్రాముల డోసుతో 12.8, 15 మిల్లీగ్రాములతో 14.7 శాతం. సెమాగ్లుటైడ్ విషయంలోనూ అంతే: షుగర్ లేనివారిలో 68 వారాలకు 14.9 శాతం, ఉన్నవారిలో 9.6 శాతం. మీ 88 కిలోలకు లెక్క కడితే సుమారు ఏడాదిన్నరకు ఎనిమిదిన్నర నుంచి పదమూడు కిలోలు. నాలుగు నెలల్లో 20 కిలోలు అన్నది ఈ మందుల లెక్కలో లేనే లేదు. ఎవరైనా అలా హామీ ఇస్తే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. పెళ్ళినాటికి ఐదారు కిలోలు తగ్గి, హెచ్‌బీఏ1సీ 7 దగ్గరికి వస్తే నేను చాలా సంతోషిస్తాను.

ఆ నాలుగు నెలలు డోసు మెల్లగా పెంచడానికే సరిపోతాయి. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 దాటుకుంటూ 2.4కు చేరుతుంది. టిర్జెపటైడ్ 2.5తో మొదలై, నాలుగు వారాల తర్వాత 5, ఆపైన అవసరమైతేనే నాలుగు వారాలకు తక్కువ కాకుండా 2.5 చొప్పున 15 వరకు. మొదటి మెట్టు బరువు తగ్గించడానికి ఉద్దేశించింది కాదు, కడుపుకు అలవాటు చేయడానికి మాత్రమే. 'మొదటి నెల ఏమీ తగ్గలేదు' అని రెట్టింపు డోసు వేసుకుని వాంతులతో సెలైన్ ఎక్కించుకునే స్థితిలో వచ్చినవారిని నేను చూస్తూనే ఉంటాను. తక్కువ డోసుతో తగ్గుతూ ఉంటే అక్కడే ఆగవచ్చు. చివరి మెట్టు ఎక్కి తీరాలన్న నియమం ఏదీ లేదు. ఇంకొక చిన్న మాట: పెళ్ళి వారంలో గానీ, దానికి ముందు వారంలో గానీ డోసు పెంచకండి. విందు భోజనం, నిద్రలేమి, కొత్త డోసు మూడూ కలిస్తే పందిట్లో మీకు మిగిలేది వికారమే.

మీ మందుల పట్టికలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టిన పేరు గ్లిమెపిరైడ్. తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెట్టే మాత్ర ఇది. కొత్త ఇంజెక్షన్ తిండిని సగానికి తగ్గిస్తుంది, ఉదయం మాత్ర మాత్రం పాత లెక్కలోనే పనిచేస్తుంది. ఇలాగే ఎవరికీ చెప్పకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టిన ఒకాయన ఉదయం మాత్ర వేసుకుని, ఆకలి లేదని ఇడ్లీ ఒకటి మాత్రమే తిని ఆఫీసుకు బయలుదేరారు. అమీర్‌పేటలో మెట్రో మారుతూ చెమటలు పట్టి, చేతులు వణికి, ఎస్కలేటర్ దగ్గర కూలబడ్డారు. పక్కనున్నవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. ఆసుపత్రిలో వేలి నుంచి రక్తం తీసి చూస్తే షుగర్ 48. ఇంజెక్షన్ ఒక్కటే సాధారణంగా షుగర్‌ను అంతగా పడగొట్టదు, గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ తోడైతేనే ఆ స్థితి వస్తుంది. అందుకే ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజే గ్లిమెపిరైడ్‌ను సగానికి తగ్గించడమో, ఆపడమో మీ వైద్యుడు నిర్ణయించాలి. మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చు. విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ వంటి షుగర్ మందులు మీ మాత్రల్లో కలిసి ఉంటే వాటిని ఆపేస్తాం, ఇంజెక్షన్‌తో కలిపి వాడినందువల్ల అదనపు ప్రయోజనం ఉండదు.

థైరాయిడ్ గురించిన భయం సగం వినికిడి వల్ల వచ్చింది. వాడకూడనిది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన క్యాన్సర్ తమకు గానీ, రక్తసంబంధీకులకు గానీ ఉన్నవారు, అలాగే ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారు. మీలాగా థైరాయిడ్ తక్కువగా పనిచేసి మాత్ర వాడేవారు నిస్సంకోచంగా వాడవచ్చు. బరువు తగ్గేకొద్దీ ఆ మాత్ర డోసు కొంత తగ్గించవలసి రావచ్చు కాబట్టి మూడు నెలలకొకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుంటే చాలు. గతంలో క్లోమానికి (ప్యాంక్రియాస్‌కు) వాపు వచ్చినవారికి మాత్రం నేను ఈ మందులు రాయను.

ఇక అసలు విషయం. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందులు వాడకూడదు. సెమాగ్లుటైడ్ శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్‌కు కనీసం ఒక నెల అంటారు గానీ, నేను రెండింటికీ రెండు నెలల వ్యవధే ఇస్తాను. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. బరువు ఐదారు కిలోలు తగ్గగానే, ముఖ్యంగా పీసీఓడీ ఉన్నవారిలో, అండం విడుదల మళ్ళీ క్రమంగా మొదలవుతుంది. ఏళ్ళ తరబడి నెలసరి సరిగా రాక 'నాకు ఎలాగూ రాదులే' అనుకున్నవారు ఇంజెక్షన్ వాడుతుండగానే గర్భం దాలుస్తారు. రెండోది, టిర్జెపటైడ్ కడుపు కదలికను మందగింపజేయడం వల్ల నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు మాత్రకు తోడు కండోమ్ వాడాలి, లేదా కాపర్-టీ వంటి సాధనానికి మారాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి వైద్యుని ఎదుట కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం ఇది. సిగ్గుపడి దాటవేస్తే నష్టపోయేది మీరే.

మీరు గర్భానికి సిద్ధపడే నాటికి హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉండాలన్నది లక్ష్యం. మొదటి వారాల్లోనే బిడ్డ గుండె, వెన్నుపాము రూపుదిద్దుకుంటాయి కాబట్టి 8.1 దగ్గర గర్భం వస్తే లోపాల ముప్పు, గర్భస్రావం ముప్పు పెరుగుతాయి. ఈ మందు మీకు చేయగల అతి పెద్ద మేలు అక్కడే ఉంది, అద్దంలో కనబడే మార్పు దాని తర్వాతే. నేనైతే ఎనిమిది నుంచి పది నెలలు మందు వాడించి, ఆపేసి, ఆ రెండు నెలల విరామంలో గ్లిమెపిరైడ్ ఇంకా ఉంటే తీసేసి, అవసరమైతే ఇన్సులిన్‌కు మారుస్తాను. టెల్మిసార్టన్ కడుపులోని బిడ్డ కిడ్నీలకు హాని చేస్తుంది కాబట్టి దాని స్థానంలో లాబెటలాల్ వంటి మందు పెట్టి, స్త్రీల వైద్యురాలి సలహాతో ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టిస్తాను. ఆపిన తర్వాత కొంత బరువు తిరిగి వస్తుందన్నది ముందే తెలుసుకుని ఉండండి. పాలిచ్చే రోజుల్లో కూడా నేను ఈ మందు రాయను. అంటే మళ్ళీ మొదలుపెట్టే ప్రశ్న చాలా నెలల తర్వాతే వస్తుంది.

మొదలుపెట్టే ముందు కంటి వైద్యుని దగ్గర రెటీనా (కంటి వెనుక పొర) పరీక్ష తప్పనిసరి. షుగర్ ఒక్కసారిగా బాగా తగ్గినప్పుడు, అంతకుముందే రెటీనా దెబ్బతిని ఉంటే కొందరిలో అది తాత్కాలికంగా ముదురుతుంది. గర్భం కూడా అదే పని చేస్తుంది. మీకు రెండూ వెంటవెంటనే రాబోతున్నాయి.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. ఈ వైద్యంలో నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. మన భోజనం వరుస మీకు తెలిసిందే: మొదట పచ్చడో, పొడో వేసుకుని నాలుగు ముద్దల అన్నం, తర్వాత పప్పు, కూర, చివరికి పెరుగు. ఇంజెక్షన్ మొదలైన నెలకు ఆ మొదటి నాలుగు ముద్దలతోనే కడుపు నిండిపోతుంది, పప్పూ కూరా గిన్నెలోనే మిగిలిపోతాయి. బరువు చూస్తే తగ్గుతూనే ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. తగ్గినదానిలో పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి, కండరమే అవుతుంది. అసలే మనవాళ్ళకు కండ తక్కువ. అది పోయినవారికి మూడో నెలకు అపార్ట్‌మెంటు మెట్లెక్కితే తొడలు వణుకుతాయి, దువ్వెన నిండా జుట్టు రాలుతుంది, మందు ఆపాక తిరిగి వచ్చేది మాత్రం కొవ్వే. అందుకని వరుస తిరగేయమంటాను. మొదట గుడ్డో, చికెనో, చేపో, శాకాహారులైతే గట్టి పప్పు, పనీర్, మీల్‌మేకర్, తర్వాత కూర, ఆకలి మిగిలితే అన్నం. మీ కిడ్నీ పరీక్ష బాగుంటే రోజుకు 70 గ్రాముల ప్రొటీన్‌కు తగ్గకూడదు. గుడ్డుకు ఆరు గ్రాములు, వండిన చికెన్ వంద గ్రాములకు పాతిక పైన, ఎండు మీల్‌మేకర్ యాభై గ్రాములకు సుమారు అంతే, కప్పు పప్పుకు ఏడెనిమిది అని వేసుకుంటే, చారులాంటి పప్పుతో ఆ లెక్క ఎప్పటికీ తేలదని మీకే అర్థమవుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించవద్దనే చెప్పాయి. మన ఇళ్ళలో అది తేలిగ్గా దాటిపోతుంది.

కేబీఆర్ పార్కు చుట్టూ నడవడం గుండెకు మంచిదే, కండను నిలబెట్టడానికి అది చాలదు. వారానికి రెండు మూడు రోజులు బరువులతోనో, రబ్బరు బ్యాండుతోనో వ్యాయామం చేయాలి. జిమ్ కుదరకపోతే కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో నెలకొకసారి రాసిపెట్టుకోండి. బరువు తగ్గుతూ ఆ అంకె కూడా తగ్గుతుంటే డోసు పెంచడానికి నేను ఒప్పుకోను.

వికారం, మలబద్ధకం, పుల్లని తేన్పులు ఎక్కువమందికి వస్తాయి, డోసు మారిన మొదటి పది రోజుల్లో ఎక్కువ. రాత్రి పదింటికి తిన్న బిర్యానీ మరునాడు మధ్యాహ్నం దాకా కడుపులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ వారాల్లో నూనె వస్తువులు, బజ్జీలు పక్కనపెట్టి, ఎనిమిదిలోపు కొద్దిగా తినడమే మందు. దాహం కూడా తగ్గుతుంది, మన ఊరి మే నెలలో ఇది కిడ్నీలకు చేటు, కాబట్టి దాహం కోసం చూడకుండా గంట గంటకూ నీళ్ళు, పలుచని మజ్జిగ తాగాలి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి తగ్గకుండా ఉంటే క్లోమం వాపు కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం వస్తే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. ఏదైనా సరే, ఇంజెక్షన్ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పంటి వైద్యం మొదలుకొని ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇస్తారంటే ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి, కడుపులో ఆహారం మిగిలి ఉండే అవకాశం ఉంది.

ఖర్చు సంగతి. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలో విడుదలైనప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ (ఒక వారం డోసు ఉన్న చిన్న సీసా) 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375; అంటే అప్పట్లో నెలకు 14,000 నుంచి 17,500. వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చి నవంబరులో ధర తగ్గించుకుంది. సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే కాబట్టి మన ఊరి డాక్టర్ రెడ్డీస్‌తో సహా అనేక కంపెనీలు దాని తయారీకి సిద్ధపడ్డాయి. ధర తగ్గడం మంచిదే, అయితే చౌకైన కొద్దీ చీటీ లేని అమ్మకాలు పెరుగుతాయన్న బెంగ నాకుంది. ధర అడిగేటప్పుడు మొదటి డోసు ధర కాక, మీరు నెలల తరబడి ఉండబోయే డోసు ధర అడగండి. మధ్యలో డబ్బు చాలక ఆపడం అన్నింటికంటే నష్టం: సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు అధ్యయనంలో తేలింది.

మీ స్నేహితురాలి షాపు గురించి రెండు మాటలు. ఇవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందులు. మౌంజారో బయట 30 డిగ్రీలలోపు 21 రోజులు ఉండగలదు గానీ, ఏప్రిల్‌లో బైకు డిక్కీలో అరగంట ఉన్నా ఆ హద్దు దాటిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టినదాన్ని పారేయడమే. నకిలీ ఓజెంపిక్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించింది. ఖర్చు తగ్గుతుందని ఒక్క డోసుకు ఉద్దేశించిన వయల్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం కూడా జరుగుతోంది. ఒకసారి సూది గుచ్చిన ఆ వయల్‌ను దాచుకుని మళ్ళీ వాడితే చర్మం కింద చీము పట్టే ప్రమాదం ఉంది. బిల్లు, బ్యాచ్ నంబరు ఇవ్వని చోట కొనకండి. 'మూలికలతో' బరువు తగ్గించే పొడులవైపు కూడా పోవద్దు, గుండెకు చేటని 2011లో మన దేశం నిషేధించిన సిబుట్రమైన్ అనే మందు అలాంటి వాటిలో కలిపి దొరికిన సందర్భాలు అనేకం. పాత మాత్ర ఆర్లిస్టాట్ సురక్షితమే గానీ ఫలితం తక్కువ, నూనె విరేచనాలు ఎక్కువ, మీ అవసరానికి అది చాలదు.

ఎండోక్రైనాలజిస్టు గానీ, షుగర్ చూసే అనుభవమున్న ఫిజీషియన్ గానీ మీకు సరిపోతారు. వెళ్ళేటప్పుడు మీరు వేసుకునే ప్రతి మాత్ర పట్టీ, గత ఏడాది రిపోర్టులు, మొదటి కాన్పు కాగితాలు తీసుకుని వెళ్ళండి. హెచ్‌బీఏ1సీ, కిడ్నీకి క్రియాటినిన్, లివర్, టీఎస్‌హెచ్, మూత్రంలో ఆల్బుమిన్, గర్భ పరీక్ష, రెటీనా పరీక్ష చూశాకే మొదటి ఇంజెక్షన్. తర్వాత మొదటి మూడు నెలలు నెలకొకసారి, ఆపైన రెండు మూడు నెలలకొకసారి చూపించుకోవాలి. ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే ఈ వారమే కొనండి. గ్లిమెపిరైడ్ తగ్గించే రెండు వారాల్లో ఉదయం పరగడుపున, సాయంత్రం ఒకసారి చూసి రాసుకోవాలి, 70 కంటే తగ్గితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్ళీ చూసుకుని, అదే రోజు వైద్యునికి ఫోన్ చేయాలి.